ట్రాక్ డే కోసం చవకలో పాత కారు ఎంచుకోవడం ఎలా?

చెన్నై పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ గేటు దగ్గర ఆదివారం సాయంత్రం ఒక గంట నిలబడి చూడండి. కొన్ని కార్లు ఏసీ వేసుకుని దర్జాగా ఇంటిదారి పడతాయి. కొన్ని టోయింగ్ బండి ఎక్కి వెళతాయి. ఈ రెంటికీ తేడా ఇంజిన్ బలంలో ఉండదు, కొన్న రోజున యజమాని ఏం చూసి కొన్నాడన్న దానిలో ఉంటుంది. మొదటి రకం కారును తక్కువ డబ్బుతో ఎలా వెతికి పట్టుకోవాలో నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందుగా ఒక మాట. ట్రాక్ డే అంటే రేసు కాదు. నిర్వాహకులకు రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత కారును మూసి ఉన్న సర్క్యూట్‌లో 15, 20 నిమిషాల సెషన్లుగా నడుపుకోవడం. ఎవరినీ ఓడించక్కర్లేదు. ఎదురుగా లారీ వస్తుందేమో, గేదె అడ్డం వస్తుందేమో అన్న భయం లేకుండా కారు ఎలా మలుపు తిరుగుతుందో, బ్రేకు ఎక్కడ వేయాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి చేసే విన్యాసాలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. అంతకంటే ముఖ్యంగా, అవి ప్రాణాలు తీస్తాయి. వేగం మీద ఇష్టం ఉన్న ప్రతి కుర్రవాడికీ ట్రాక్ దారి చూపించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది గానీ, అది నగర వీధుల్లో తాత్కాలికంగా వేసిన ట్రాక్. మన వాళ్లు ఎక్కువగా వెళ్లేది 3.7 కిలోమీటర్ల ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌కే. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, దాని పొడవు 2.1 కిలోమీటర్లు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లది. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ నడిచిన చోటు అది. కానీ మనకు చాలా దూరం. చెన్నై వెళ్లాలన్నా విజయవాడ నుంచి దాదాపు 450 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి 600 దాటుతుంది. అంటే మీరు కొనబోయే కారు అంత దూరం నడిచి వెళ్లి, ఎండలో రోజంతా ఒళ్లు హూనం చేసుకుని, మళ్లీ అంత దూరం తిరిగి రావాలి. కారు ఎంపిక మొత్తం ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది.

డబ్బును ముందే మూడు భాగాలు చేయండి

మీ దగ్గర 5 లక్షలు ఉన్నాయనుకుందాం. 5 లక్షల కారు వెతక్కండి. 3 లక్షల కారు వెతకండి. లక్ష రూపాయలు మొదటి ట్రాక్ డేకి ముందు కారును దారికి తేవడానికి, మరో లక్ష ఏడాది పొడవునా టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు, ఆయిలుకు, రుసుములకు పక్కన పెట్టండి. చాలామంది కారు కొనడంతోనే జేబు ఖాళీ చేసుకుంటారు. ఆ తర్వాత అరిగిన ప్యాడ్లతోనే ట్రాక్ ఎక్కుతారు, లేదా కారును ఇంటి ముందు కవరు కప్పి ఉంచుతారు.

అప్పు చేసి మాత్రం కొనవద్దు. సాధారణ మోటారు పాలసీలు రేసింగును, వేగ పరీక్షలను బీమా పరిధి నుంచి తప్పిస్తాయి. ట్రాక్ మీద కారు గోడకు తగిలితే పరిహారం వస్తుందని ఆశ పెట్టుకోలేరు. కారు పోయినా ఈఎంఐ మిగులుతుంది. మీ పాలసీ పత్రంలో మినహాయింపుల పేజీని కొనడానికి ముందే చదవండి.

బలం కాదు, బరువు చూడండి

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. డ్రైవరుతో కలిపి 950 కిలోల కారు 130 వేగం నుంచి 60కి తగ్గాలంటే, బ్రేకులు మింగాల్సిన శక్తితో లీటరున్నర కుళాయి నీళ్లను మరిగే దాకా కాచవచ్చు. అదే 1,350 కిలోల కారైతే రెండు లీటర్లకు పైగా. ఇది ఒక్క బ్రేకుకు. ల్యాపుకు, అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండుకు, అలాంటివి నాలుగైదు, సెషన్‌కు ఏడెనిమిది ల్యాపులు. ఆ వేడంతా డిస్కుల్లోకి, ప్యాడ్లలోకి, బ్రేకు ఆయిల్లోకి పోతుంది. బరువు పెరిగేకొద్దీ టైర్లు, ప్యాడ్లు, డిస్కులు అన్నీ త్వరగా అరుగుతాయి. అందుకే 150 హార్స్‌పవర్ ఉన్న బరువైన పాత సెడాన్ కంటే 85 హార్స్‌పవర్ ఉన్న తేలికైన హ్యాచ్‌బ్యాక్ కొత్తవారికి అన్ని విధాలా మేలు. ఎస్‌యూవీల జోలికి అసలు పోవద్దు. ఎత్తు ఎక్కువ, మలుపులో ఒరుగుతాయి.

ఇక పేర్ల దగ్గరికి వద్దాం.

నా మొదటి ఓటు మారుతి స్విఫ్ట్ పెట్రోలుకే. 2011 నుంచి 2017 దాకా వచ్చిన తరం గట్టిది, చవక. 2018లో వచ్చిన తరం ఇంకా తేలిక, బరువు 855 నుంచి 880 కిలోలే. 1.2 లీటర్ల కె-సిరీస్ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ ఉంటుంది, బెల్టు మార్పించే బెంగ లేదు. అసలు గొప్పతనం వేరే ఉంది. శనివారం సాయంత్రం శ్రీపెరంబుదూరులో మీ లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీకి ఉండే రబ్బరు) పోయిందనుకోండి, ఆ రాత్రికే దొరుకుతుంది, బిగించే మెకానిక్కూ దొరుకుతాడు. ట్రాక్ కారుకు ఇంతకు మించిన గుణం లేదు. వేరియంట్ ఎంచుకునేటప్పుడు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నది, 15 అంగుళాల చక్రాలున్నది చూసుకోండి. 2019కి ముందు వచ్చిన చవక వేరియంట్లలో చాలావాటికి ఏబీఎస్ ఉండదు.

హోండా బ్రియో గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందుకే చవకగా దొరుకుతుంది. వెయ్యి కిలోల లోపు బరువు, 88 హార్స్‌పవర్, పై ఆర్‌పీఎంలలో హుషారుగా తిరిగే ఐ-వీటెక్ ఇంజిన్, వెన్నలా పడే గేర్లు. తయారీ ఆగిపోయింది గనుక బాడీ భాగాలకు కాస్త వెతుకులాట తప్పదు.

ఫోక్స్‌వ్యాగన్ పోలో అంటే మన దేశంలో ట్రాక్ ప్రియులకు ప్రత్యేకమైన మమకారం ఉంది. 2010లోనే ఇక్కడ పోలో కప్ రేసులు మొదలయ్యాయి. చట్రం నిజంగా గట్టిది, వేగంలో నిలకడ ఎక్కువ. కానీ చవకలో దొరికే 1.2 టీఎస్ఐ (టర్బో పెట్రోలు) జీటీలో ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ ఒక్కటే వచ్చింది. అది పొడి క్లచ్‌ల గేర్‌బాక్సు, వేడికి ఓర్చదు, చెడితే మరమ్మతు ఖర్చు కారు ధరలో పెద్ద ముక్కే. 2020 నుంచి వచ్చిన 1.0 టీఎస్ఐ మాన్యువల్ అయితే చేతులెత్తి దండం పెట్టి కొనవచ్చు. 110 హార్స్‌పవర్, ఆరు గేర్లు. కాకపోతే 2022లో పోలో అమ్మకాలు ఆగాక మంచివాటిని యజమానులు సులువుగా వదలడం లేదు.

ఫోర్డ్ ఫియస్టా 1.6 ఎస్ స్టీరింగు ఒకసారి పట్టుకున్నవాళ్లు మరిచిపోలేరు. 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది, ఆ కారు అప్పటికే పాతది. ఇంట్లో రెండో కారు, తెలిసిన మెకానిక్కు, ఓపిక, ఈ మూడూ ఉంటేనే దాని వైపు చూడండి. బలెనో ఆర్ఎస్ మాత్రం అరుదైన అవకాశం. 2017లో వచ్చింది. 102 హార్స్‌పవర్ టర్బో, బరువు 950 కిలోలు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. మంచిది కనబడితే ఆలోచిస్తూ కూర్చోకండి.

డీజిలు కార్లు చవకగా దొరుకుతాయి గానీ ముందు భాగం బరువు, మలుపులో ముక్కు బయటికి లాగుతుంది. ఏఎంటీ గేర్లు, అంటే క్లచ్ పెడల్ లేకుండా వాటంతటవే మారే మాన్యువల్ గేర్లు, ట్రాక్‌కు పనికిరావు.

ఒకరోజంతా కారు చూడటానికే పెట్టండి

అమ్మేవారికి ముందు రోజే చెప్పండి, నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారని అడగండి. చల్లని ఇంజిన్ మొదటి నిమిషంలో చెప్పే నిజాలు తర్వాత చెప్పదు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిలు మండుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోందేమో చూడాలి. ఆయిలు మూత విప్పి లోపల మీగడలాంటి పదార్థం ఉందేమో చూడండి. కూలెంట్ తుప్పు రంగులో ఉంటే మామూలు నీళ్లు పోసి నడిపారని అర్థం. అలాంటి రేడియేటర్ రోడ్డు మీద బాగానే నెట్టుకొస్తుంది, చెన్నై ఎండలో రెండో సెషన్‌కే చేతులెత్తేస్తుంది.

తర్వాత ప్రమాదం జరిగిందా అన్నది. పైకి మెరిసే పెయింటును వదిలేయండి. ఫెండర్లను, బానెట్ కబ్జాలను పట్టి ఉంచే బోల్టుల తలలు చూడండి. వాటి మీద రంగు పగిలి ఉంటే ఎవరో స్పానరు పెట్టారు. ఫెండరు మారడం పెద్ద నేరం కాదు, మన ఊళ్లలో గీతలు పడని కారు ఉండదు. కానీ బానెట్ ఎత్తి ఏప్రాన్ (ఇంజిన్ గదికి ఇరువైపులా ఉండే లోపలి రేకు) మీద స్పాట్ వెల్డింగ్ చుక్కలు వరుసగా, ఒకే దూరంలో ఉన్నాయా చూడండి. చుక్కలు కనబడకుండా లప్పం పూసి ఉన్నా, వెల్డింగు ముద్దలు ముద్దలుగా ఉన్నా, పిల్లర్ల దగ్గర టింకరింగ్ జరిగినట్టు అనిపించినా అక్కడే ఆపి నమస్కారం పెట్టి వచ్చేయండి. 130 వేగంలో మీ ప్రాణాన్ని మోసేది ఆ రేకులే.

వరద కార్ల గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చెన్నై మునిగింది, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. నీళ్లలో నానిన కార్లను శుభ్రం చేసి మళ్లీ అమ్మకానికి పెట్టేవాళ్లుంటారు. బుడమేరు వరద వచ్చిన మరుసటి ఏడాది నేనొక ఎర్ర స్విఫ్ట్ చూడటానికి వెళ్లాను. “ఒక్క ఓనరు సార్, డాక్టరు గారి బండి” అన్నాడు అమ్మే అతను. లోపల మల్లెల సెంటు గుప్పుమంది. సీట్ల కవర్లు కొత్తవి, కార్పెట్టు కొత్తది, మీటరు 41 వేలు చూపిస్తోంది. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని నెమ్మదిగా, ఇక రానంతవరకూ బయటికి లాగాను. మొదటి రెండడుగులు నల్లగా నిగనిగలాడుతోంది. ఆ తర్వాత, మామూలుగా ఎవరూ లాగని చోట, పట్టీకి అడ్డంగా గోధుమరంగు గీత. దాని కింద పట్టీ అంతా అట్టలా బిరుసెక్కి ఉంది. గోటితో గీకితే సన్నటి ఒండ్రు పొడిగా రాలింది. నేనేమీ అనలేదు, అతనూ ఏమీ అనలేదు. బెల్టును నెమ్మదిగా లోపలికి వదిలి వచ్చేశాను.

మీరూ అదే చేయండి. నాలుగు బెల్టులూ చివరిదాకా లాగండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంటలో తుప్పు, ఒండ్రు వెతకండి. సీటు పట్టాల కింద టార్చి వేయండి. హెడ్‌లైట్ల లోపల చెమ్మ ఉందేమో చూడండి. నీళ్లు చేరిన వైర్లు ఈ రోజు పనిచేస్తాయి. ఏబీఎస్ కంప్యూటర్ ఎప్పుడు మొండికేస్తుందో ఎవరూ చెప్పలేరు.

మీటరు అంకెను నమ్మకండి, పెడల్ రబ్బర్లను నమ్మండి. 40 వేలు తిరిగిన కారులో క్లచ్ రబ్బరు గీతలు అరిగి నున్నబడవు. చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు సెంటర్లో పాత రికార్డులు అడగండి. ఓనరు పక్కనుంటే సాధారణంగా చెబుతారు.

నడిపి చూడండి, ఆ తర్వాత షెడ్డుకు తీసుకెళ్లండి

కనీసం 40 నిమిషాలు నడపండి. అందులో 20 నిమిషాలు ఏసీ వేసి ట్రాఫిక్‌లో ఉండాలి, కన్ను టెంపరేచర్ మీద ఉండాలి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగంతో వెళుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగబాకి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. 80 వేగంలో వెనుక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణికితే డిస్కులు సమంగా లేవు. మూడు నుంచి రెండుకు గేరు దించేటప్పుడు కరకరమంటే గేర్‌బాక్సు లోపల అరుగుదల ఉంది. డిస్కులు, క్లచ్ మార్చుకోవచ్చు, బేరంలో తగ్గించుకోండి. గేర్‌బాక్సు చప్పుడు ఉన్న కారును వదిలేయండి.

షెడ్డులో రెండు పరీక్షలు చేయించండి. మొదటిది కంప్రెషన్, అంటే ప్రతి సిలిండరు లోపల ఎంత ఒత్తిడి వస్తుందో కొలవడం. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే అనుమానించాలి. రెండోది స్కానరు. అందులో ఫాల్ట్ కోడ్లు లేవని సంబరపడకండి, కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే రెడీనెస్ పరీక్షలు పూర్తయ్యాయో లేదో కూడా చూపించమనండి. పూర్తి కాలేదంటే ఈ మధ్యే ఎవరో కోడ్లు చెరిపేశారన్న మాట. లిఫ్టు మీద ఉండగానే బుష్‌లు, లింక్ రాడ్లు, షాక్ అబ్జార్బర్ల లీకులు చూసేయండి. వాటిని ఎలాగూ మారుస్తారు గనుక కారును తిరస్కరించడానికి కారణం కావు, ధర తగ్గించడానికి మంచి కారణం.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆర్‌సీలో చాసిస్, ఇంజిన్ నంబర్లు కారు మీద ఉన్నవాటితో సరిచూసుకోండి. ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని హైపోథికేషన్ (ఆర్‌సీలో బ్యాంకు పేరు నమోదు) తీయించండి. చలాన్లు కట్టించండి. యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే పూర్తి డబ్బు ఇవ్వండి. బీమాను 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు చేయండి. ఢిల్లీలో చవక అని పరుగెత్తకండి. అక్కడ పాత బండ్ల మీద ఆంక్షలు ఉన్నందువల్ల ధర తక్కువ. ఇక్కడికి తెస్తే ఎన్‌ఓసీతో పాటు మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి.

ట్రాక్ ఎక్కే ముందు ఈ పనులు చేయించండి

కొత్త సైలెన్సర్, స్టిక్కర్లు, వెడల్పు టైర్లు ఇప్పుడే వద్దు. మొదటి ఖర్చు బ్రేకు ఆయిల్ మీద పెట్టండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేల దాకా పోతుంది, బ్రేకు పడదు.

ఇది నాకు అనుభవంలోకి వచ్చింది. మొదటిసారి వెళ్లేముందు మా ఊరి మెకానిక్కు “రంగు బాగానే ఉంది సార్, మార్చక్కర్లేదు” అన్నాడు. నేనూ సరేనన్నాను. నాలుగో ల్యాపులో, గట్టిగా బ్రేకు వేయాల్సిన మలుపు ముందు, నా పాదం కింద పెడల్ మెత్తటి దిండులా దిగిపోయింది. రెండుసార్లు గబగబా తొక్కి పంపు చేస్తే సగం బ్రేకు దొరికింది. మలుపు దాటి మట్టిలోకి వెళ్లి ఆగాను. కారుకు ఏమీ కాలేదు. స్టీరింగు మీద చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. అప్పటి నుంచి ఆయిల్ రంగు చూడను, తేదీ చూస్తాను. ఆర్నెల్లు దాటితే మార్పించేస్తాను. డాట్ 4 మంచి రకం లేదా డాట్ 5.1 పోయించండి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లోని గాలి తీయించండి.

ఆయిలుతో పాటు ముందు చక్రాలకు మంచి ప్యాడ్లు వేయించండి. డిస్కు మందం దాని మీద ముద్రించిన కనీస అంకెకు పైన ఉండాలి. వెనుక డ్రమ్ములున్నాయని చిన్నబుచ్చుకోవద్దు, పనంతా చాలావరకు ముందు బ్రేకులే చేస్తాయి. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, రేడియేటర్ మూత కొత్తవి వేయించండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఐదేళ్లు దాటినవి గీతలు లోతుగా ఉన్నా ట్రాక్‌కు వద్దు. రబ్బరు బిరుసెక్కి ఉంటుంది.

మొదటి రోజు స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసాలు, మ్యాట్లు, కారులో కదిలే ప్రతి వస్తువూ బయట పెట్టేయండి. నిండు చేతుల నూలు చొక్కా, ఫుల్ ఫేస్ హెల్మెట్, పల్చటి అడుగున్న బూట్లు వేసుకోండి. టైర్లలో గాలి వేడికి నాలుగు నుంచి ఆరు పీఎస్ఐ పెరుగుతుంది. ప్రతి సెషన్ నుంచి రాగానే కొలిచి తగ్గించుకోండి. చివరి ల్యాపు బ్రేకు దాదాపు ముట్టుకోకుండా నెమ్మదిగా నడిపి అన్నిటినీ చల్లారనివ్వండి. ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) ఆపాక హ్యాండ్‌బ్రేకు లాగవద్దు, కాలుతున్న బ్రేకులను బిగించి ఉంచితే పట్టేస్తాయి. గేరులో వదిలి చక్రానికి రాయి పెట్టండి.

సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు చక్రాలు చల్లారాక నట్లు టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పినంత బిగించండి, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి, చక్రం సందులోంచి టార్చి వేసి ప్యాడ్ల మందం చూడండి. మూడు మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలితే డిక్కీలో తెచ్చుకున్న పాత ప్యాడ్ల జత వేసుకుని బయల్దేరండి.